తాళం వేసి పోయినోళ్లు, తలుపులు పీక్కొని పోయినోళ్లు

పోయిన నెల ఎపిసోడ్లు రాలేదేమని చాలామంది అడిగారు. కారణం చెప్తాను. ఆ పదిహేను రోజులు నేను కోరుట్లలో ఉన్నాను. మా అమ్మ ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి, ఆమెను జగిత్యాలలో మా అక్క దగ్గరికి తీసుకుపోవాల్సి వచ్చింది. కోరుట్ల నుంచి జగిత్యాల ఎంత దూరం? పాతిక కిలోమీటర్లు. బస్సెక్కితే గంట కూడా పట్టదు. అంత దగ్గరికి ఇల్లు మారడానికి పదిహేను రోజులు ఎందుకు పట్టింది? ఇవాళ చెప్పబోయేదంతా అందులోంచి పుట్టిందే.

నేను మొదట ఏమన్నానంటే, సామాన్లు సర్దిపెట్టే మనుషులను మాట్లాడదాం, ఒక్క పూటలో పని అయిపోతుంది అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "నా ఇంట్ల ఏది యాడున్నదో వాళ్లకేం దెలుస్తది కొడుకా? నా సామాను నేనే సదురుకుంట" అంది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. ఇక చేసేదేముంది? కిరాణా దుకాణంలో అడుక్కొచ్చిన అట్టపెట్టెలు, గోనె సంచులు, సుతిలి తాడు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం.

అట్లా కూర్చున్నాక నాకొక సంగతి తట్టింది. మన ప్రాంతం వలసల మీద పుస్తకాలున్నాయి, పరిశోధనలున్నాయి. ఎంతమంది పోయారు, ఎందుకు పోయారు, ఎంత సంపాదించారు, ఇవన్నీ రాశారు. కానీ పోయేనాడు చేతిలో ఏం పట్టుకుని పోయారు, ఇంట్లో ఏం వదిలిపెట్టి పోయారు అన్నది రాసినవాళ్లు చాలా తక్కువ. నా ఉద్దేశంలో ఆ రెండు ప్రశ్నలు చిన్నవి కావు. పోయే మనిషికి తిరిగి వస్తానన్న నమ్మకం ఉందా లేదా అనేది అతని మాటల్లో దొరకకపోవచ్చు, మూటలో దొరుకుతుంది. ఆ మూటలు విప్పుతూ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కథ ఇవాళ చెప్పుకుందాం. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడూ ఒక్క కరీంనగర్ జిల్లాలోవే.

మొదట బోళ్ల దగ్గర మొదలుపెడతాను. చరిత్ర అనగానే మనం శాసనాలు అంటాం, రాళ్ల మీద ఎవరు ఎవరికి ఏమిచ్చారో వెతుకుతాం. మన ఇండ్లల్లో కూడా శాసనాలున్నాయి. స్టీలు గిన్నె తిప్పి చూడండి. అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంటుంది. ఎవరి పెండ్లికి ఎవరు పెట్టారు, ఏ తేదీన, ఏ ఊరు. బాకీలు తేలాక కాగితాలు చించేస్తారు కానీ, గిన్నె మీద కొట్టించిన పేరు అట్లనే ఉంటుంది. మా ఇంట్లో అటుక మీద నుంచి దింపిన ఒక స్టీలు టిఫిన్ మీద మా తాత పేరు, దాని కింద 'భివండి', దాని కింద '1976' అని ఉంది. నాకు ఆ డబ్బా చిన్నప్పటి నుంచి తెలుసు. అందులో చింతపండు ఉండేది. దాని మీద రాసింది చదివింది మాత్రం పోయిన నెలలోనే.

మా తాతది సిరిసిల్ల. నేతపని. మన ఊర్లల్లో చేనేతకు వాడింది ఎక్కువగా గుంటమగ్గం. అంటే ఇంట్లో నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని తొక్కుతూ నేస్తారు. మగ్గం అంటే ఒక సామాను అనుకుంటాం గానీ, గుంటమగ్గం ఇంట్లో ఒక భాగం. కట్టెలు విప్పుకుని పోవచ్చు. నాడె, పన్నె చేతిలో పట్టుకుని పోవచ్చు. గుంటను ఎట్లా తీసుకుపోతావు? అందుకే నేతగాడు ఊరు విడిచినప్పుడు ఇంటి నడుమ ఆ గుంట మిగిలిపోయేది. మా తాత పోతూ దాన్ని పూడ్చనివ్వలేదట. మా నాయనమ్మ దాని మీద చెక్కలు పరిచి, పైన చాప వేసి, అట్లనే సంసారం చేసింది.

ఈ ప్రాంతం మనుషులు పడమటికి పోవడం తాతతో మొదలైంది కాదు. బొంబాయిలో కామాటిపురా అనే పేట ఉంది కదా, ఇవాళ ఆ పేరు వినగానే మనకు వేరే సంగతులు గుర్తొస్తాయి. ఆ పేరు వచ్చింది కామాటీల వల్ల. పాత హైదరాబాద్ రాజ్యం నుంచి పోయి, బొంబాయి కట్టడాల్లో, రోడ్ల పనుల్లో కూలి చేసిన తెలుగువాళ్లను అక్కడ కామాటీలు అనేవారు. తర్వాత షోలాపూర్. అక్కడ మొదటి బట్టల మిల్లు 1877లో వచ్చింది. మన పద్మశాలీలు అక్కడికి ఎంతమంది చేరారంటే, ఆ ఊర్లో ఇవాళ్టికీ తెలుగు వినిపించని వీధి వెతుక్కోవాలి. ఆ తర్వాత మరమగ్గాల భివండి. ముందు పోయినోడు వెనకోణ్ని పిలుచుకున్నాడు, బావ బావమరిదిని పిలుచుకున్నాడు.

ఇప్పుడు ఆ ప్రయాణం సంగతి చూడండి. సిరిసిల్లకు రైలు లేదు. కామారెడ్డి దాకా బస్సు, అక్కడ రైలు. ఆ రోజుల్లో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే ఆ లైను మీటర్‌గేజ్. బొంబాయి వైపు పోయేది బ్రాడ్‌గేజ్. అంటే మన్మాడ్‌లో దిగి, సామానంతా మోసుకుని వేరే బండి ఎక్కాలి. ఈ ఒక్క విషయమే మూట ఎంతుండాలో తేల్చేసింది. ఒకటి నెత్తి మీద, ఒకటి ఒక చేతిలో. రెండో చేయి ఖాళీగా ఉండాలి, లేకపోతే జనంలో బండి తలుపు పట్టుకుని ఎక్కలేడు. తాత తీసుకుపోయినవి అమ్మ లెక్కపెట్టి చెప్పింది. రేకు సందుగ ఒకటి. బొంత ఒకటి. అటుకుల మూట. ఒక చెంబు. సందుగలో రెండు జతల బట్టలు, దేవుని పటం, తాళం చెవి.

తాళం చెవి ఎందుకు, ఇంట్లో నాయనమ్మ ఉంది కదా అని అడిగాను. ఇంటిది కాదట, ఆ సందుగదే. దాని సంగతి బొంబాయి మిల్లు కార్మికుల చరిత్ర చదివితే తెలుస్తుంది. ఒక్క ఖోలీలో పదిమంది, పదిహేనుమంది. పగలు డ్యూటీకి పోయినోళ్లు వచ్చేసరికి రాత్రి డ్యూటీవాళ్లు లేచి పోవాలి. పడుకునే చోటు ఇద్దరు ముగ్గురికి ఒక్కటే. తిండి ఖానావళిలో. ఇగ తనదంటూ ఉన్నది ఏమిటి? గోడ పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చిన సందుగల్లో ఒక సందుగ. దానికి వేసే తాళం ఒక్కటే అతని గడప. ఊర్లో ఇల్లు, గోడ, గుంట, చెట్టు ఉన్న మనిషి అక్కడ రెండడుగుల రేకు డబ్బాలోకి వచ్చేశాడు.

అమ్మ ఇంకో మాట చెప్పింది. మగమనిషి పోతే పోయినట్టు కాదు, బోళ్లు పోతేనే పోయినట్టు అని ఆడవాళ్లు అనుకునేవారట. బిందెలో గిన్నె, గిన్నెలో చెంబు, చెంబులో గ్లాసు పెట్టి, పాత చీరలో మూటగట్టి, పెండ్లాం బయలుదేరిందంటే ఆ సంసారం అక్కడే నిలబడిపోతుందని లెక్క. మా నాయనమ్మ ఎన్నడూ పోలేదు. అందుకే మేం ఇవాళ ఇక్కడివాళ్లం. అదే వీధిలో బోళ్లు కట్టుకుని పోయినవాళ్ల మనవలు ఇవాళ మరాఠీలో మాట్లాడతారు.

1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. ఆ సమ్మె గెలిచామని ఎవరూ చెప్పింది లేదు. చాలా మిల్లులు మళ్లీ మునుపటిలా నడవనే లేదు. మన మనుషులు కొందరు భివండికి మళ్లారు, కొందరు అదే సందుగ నెత్తిన పెట్టుకుని ఊరికి వచ్చారు. ఈలోగా సిరిసిల్లలోనూ మరమగ్గాలు పెరుగుతూ వచ్చాయి. మహారాష్ట్రలో వాడి వదిలేసిన పాత మగ్గాలు కొనుక్కుని లారీల మీద తెచ్చుకున్నారని పెద్దలు చెప్తారు. మరమగ్గానికి గుంట అవసరం లేదు. మా నాయనమ్మ ఇంట్లో గుంట అప్పుడు పూడ్చారు.

ఇక్కడి నుంచి జగిత్యాల వైపు వద్దాం, నాలుగేళ్లు వెనక్కి పోదాం. ఇంతవరకు పేదవాళ్ల మూటలు చూశాం. దొరల సామాను సంగతి కూడా చూడాలి. 1978 సెప్టెంబర్ 7. జగిత్యాల జైత్రయాత్ర. ఊర్లు ఊర్లుగా రైతు కూలీలు కదిలి జగిత్యాలకు వచ్చిన రోజు. వెట్టి, దండుగలు, దొరలు ఆక్రమించుకున్న భూములు, కూలి రేట్లు, వీటి మీద పోరాటం. దాని వెంట చాలా ఊర్లల్లో దొరలను సాంఘిక బహిష్కారం చేశారు. అంటే ఏమిటి? చాకలి బట్టలు ఉతకడు. మంగలి క్షవరం చేయడు. జీతగాడు పశువులను తోలుకుపోడు. ఇంట్లో పనికి మనిషి రాడు. అదే ఏడాది అక్టోబర్ 20న, మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. పోలీసు క్యాంపులు వచ్చాయి.

ఆ రోజుల్లో చాలా దొరల కుటుంబాలు గడీలకు తాళాలు వేసి కరీంనగర్‌కో, హైదరాబాద్‌కో పోయాయి. దీన్ని రాజకీయ చరిత్రగా చాలాసార్లు చెప్పుకున్నాం. నేను సామాను వైపు నుంచి అడుగుతున్నాను. ఆ గడీలో సామాను ఎవరు సర్ది ఉంటారు? వెట్టి అంటే పొలం పని ఒక్కటే కాదు. దొర ఊరెళ్తే మూటలు మోయడం వెట్టి. అధికారి ఊర్లోకి వస్తే అతని పెట్టె బేడా పక్క ఊరి పొలిమేర దాకా చేర్చడం వెట్టి. తరాలుగా ఆ ఇండ్లవాళ్లు తమ సామాను తాము ఎత్తుకుని ఎరగరు. బహిష్కారం నడుస్తున్న ఊర్లో మోయడానికి మనిషి దొరకడు కాబట్టి, తమ పెట్టెలు తామే సర్దుకోవడం, తామే ఎత్తడం ఆ కుటుంబాల్లో చాలామందికి అదే మొదటిసారి అయి ఉంటుందని నేను అనుకుంటాను. ఇంతకంటే పెద్ద మార్పు ఏముంటుంది చెప్పండి? పట్టా మారలేదు, చట్టం మారలేదు. సామాను ఎవరు ఎత్తాలన్నది మారింది.

కానీ వాళ్లు తలుపులు పీక్కుని పోలేదు, తాళం వేసి పోయారు. భూమి పేరు మీద ఉంది, గడీ పేరు మీద ఉంది, కాగితాలు వెంట ఉన్నాయి. కాగితం ఉన్నవాడు పట్నంలో కూర్చుని కూడా ఊరిని అమ్ముకోగలడు. చాలా భూములు తర్వాత అట్లనే అమ్ముడుపోయాయి. అదే సమయంలో ఇంకో రకం మనుషులు కూడా ఊరు విడిచారు. పోలీసులకు భయపడ్డ కుర్రాళ్లు. వాళ్లు ఏం సర్దుకుంటారు? తొడుక్కున్న అంగీ. రాత్రికి రాత్రి బస్సు. కొందరు బొంబాయి చేరి అక్కడి నుంచి ఇంకా దూరం పోయారు. ఆ దూరం పేరు గల్ఫ్.

కోరుట్లకు వచ్చేశాం. 1973 తర్వాత చమురు ధర పెరిగి అరబ్బు దేశాల్లో కట్టడాలు మొదలయ్యాయి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, పక్కన నిజామాబాద్, ఈ పట్టీ అంతా గల్ఫ్‌కు మనుషులను పంపిన నేల. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడిపితే, మగవాళ్లు అప్పు చేసి వీసా కొన్నారు. మొదటి తరం ఎక్కువగా బొంబాయి నుంచే విమానం ఎక్కింది. తాతకు తెలిసిన బొంబాయి దారే కొడుకుకు గల్ఫ్ దారి అయింది. మా బాపు అట్లనే మస్కట్ పోయాడు.

గల్ఫ్ మూటకు ఒక లెక్క ఉంది. విమానంవాళ్లు కిలోల్లో చెప్తారు. అంతకుముందు మన ఇండ్లల్లో సామానుకు తూకం లేదు, మోయగలమా లేదా అన్నదే లెక్క. గల్ఫ్ వచ్చాక ప్రతి ఇంట్లో తూకం మొదలైంది. కిరాణా కొట్టులో కాంటా మీద సూట్‌కేసు పెట్టి, ఎక్కువైతే విప్పి, మళ్లీ కట్టేది. మొదట తీసేది బట్టలు. చివరిదాకా తీయనిది తొక్కు సీసా. సకినాలు ఎందుకంటే నెల రోజులు పాడవవు. సర్వప్ప ఎందుకు పోదంటే రెండోనాటికి గట్టిపడుతుంది. ఏ తిండి ఎన్ని రోజులు నిలుస్తుందన్న తెలివి మన ఆడవాళ్లకు పండుగల వల్ల వచ్చింది, గల్ఫ్ వల్ల అక్కరకు వచ్చింది.

వచ్చేటప్పుడు కథ వేరే. అట్టపెట్టె, దాని చుట్టూ అడ్డం నిలువు తాడు, దాని మీద నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, జిల్లా. దుప్పటి, టూ ఇన్ వన్, టాంగ్ డబ్బా, నీడో పాలపొడి, టైగర్ బామ్, అత్తరు. ఆ పెట్టె తెరిచే రోజు ఇంట్లో పండుగ. పెట్టె తెరవని రోజు ఒకటుంది, అది కూడా చెప్పాలి. గల్ఫ్‌లో మనిషి చనిపోతే శవపేటిక వస్తుంది. అతని సామాను రూములో ఉన్న తోటివాళ్లు సర్ది, ఊరికి వచ్చేవాళ్లెవరితోనో పంపిస్తారు. వాడని సబ్బులు, పిల్లలకు కొన్న బొమ్మ, సగం అయిపోయిన తొక్కు సీసా. మా వీధిలో అట్లాంటి పెట్టె ఒకటి వచ్చింది. ఆ ఇంట్లో దాన్ని చాలా ఏండ్లు విప్పలేదు.

ఇంకో రకం కూడా ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అక్కడున్న భారతీయుల్లో దాదాపు లక్షా డెబ్బై వేల మందిని జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయికి తెచ్చారు. వాళ్లు ఏం సర్దుకున్నారు? ఎడారి దాటి అమ్మాన్ చేరాలంటే నీళ్లు, పాస్‌పోర్టు ముందు. ఏండ్ల సంపాదన గదిలోనే ఉండిపోయింది. గల్ఫ్ పోయిన మనిషి ఇల్లు ఇక్కడే ఉంటుంది, తాళం చెవి పెండ్లాం చేతిలో ఉంటుంది, అందుకే అక్కడ ఏం పోయినా నిలబడగలిగాడు అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో ఫోన్లు లేవు. చదువు రాని ఇండ్లల్లో ఉత్తరాల బదులు క్యాసెట్లు నడిచేవి. బాపు మస్కట్‌లో టేప్‌రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్లతో పంపేవాడు. అమ్మ విని, అదే క్యాసెట్ రెండో వైపు తను మాట్లాడి పంపేది. అవి ఒక బూట్ల డబ్బాలో ఉన్నాయి. సర్దుడు మొదలైన మూడోరోజు, పాత సామాన్లు కొనే అతను వీధిలోకి వస్తే, పాత పేపర్లు, ఇరిగిన కుర్చీ, తుప్పు పట్టిన డబ్బాలతోపాటు ఆ బూట్ల డబ్బా కూడా నేనే వేశాను. మూత తీసి చూడలేదు. కిలోల లెక్కన డబ్బులు తీసుకున్నాను. సాయంత్రం అమ్మ అడిగింది, "గా డబ్బ ఏది రా?" అని. నాకు అప్పుడు తెలిసింది అందులో ఏముందో. మర్నాడు పొద్దున్నే ఆ మనిషిని వెతుక్కుంటూ పోయాను. సరుకు అప్పటికే నిజామాబాద్ పోయింది.

అమ్మ ఒక్క మాట అనలేదు. బాపు పోయి ఆరేండ్లవుతోంది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. చరిత్ర గురించి వారం వారం మీ ముందు కూర్చుని మాట్లాడే మనిషిని, నా ఇంట్లో ఉన్న ఆధారాన్ని తూకానికి అమ్మాను. పదిహేను రోజులు ఎందుకు పట్టిందంటే, ఆ తర్వాత నేను ప్రతి డబ్బా మూత తీసి చూశాను కాబట్టి.

చివరి సామాను దగ్గరికి వస్తున్నాను. పెరట్లో రేకుల కింద ఒక టేకు తలుపు రెక్క నిలబెట్టి ఉంది. ఒక్క రెక్కే. అది మా అమ్మ పుట్టింటిది. అమ్మది మానేరు ఒడ్డున ఊరు. మిడ్‌మానేరు కింద మునిగిన ఊర్లల్లో ఒకటి. చింతల్‌ఠాణా, అనుపురం, రుద్రవరం, కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, శాభాష్‌పల్లి, ఇట్లా వేములవాడ, సిరిసిల్ల, బోయినపల్లి వైపు ఊర్లు ఖాళీ అయ్యాయి. మన్వాడ దగ్గర కట్ట. 2016 సెప్టెంబర్‌లో పెద్ద వరద వచ్చి, కడుతున్న కట్ట ఒకవైపు తెగింది. తర్వాత బాగు చేశారు. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతల నీళ్లు కూడా అందులోకి చేరాయి. ఇవాళ ఎంతో నేల ఆ నీళ్లతో పండుతోంది. అది నిజం. ఆ నీళ్ల కింద ఇండ్లున్నాయి. అదీ నిజమే.

ముంపు ఊరిలో ఇల్లు సర్దడం మిగతా అన్నిటికంటే వేరు. ఇక్కడ తాళం వేసి పోవడం అన్నది లేదు. నీళ్లలో మునిగే ఇంటికి తాళం ఎందుకు? కాబట్టి ఇల్లునే సర్దుకుంటారు. ముందు బోళ్లు, బట్టలు, వడ్లు. తర్వాత గూనపెంకలు దింపుతారు. వాసాలు, దూలాలు విప్పుతారు. తర్వాత దర్వాజలు, తలుపులు, కిటికీలు. టేకు కట్టె విలువైనది, పైగా తాత చేయించింది. ట్రాక్టర్ మీద ఇల్లు ముక్కలు ముక్కలుగా పోతుంది. గోడలు మిగులుతాయి, మట్టిగోడలు కదా, అవి నీళ్లకు వదిలేయాల్సిందే. గోలెం పెద్దది, పగులుతుందని వదిలేస్తారు. బావిని ఎట్లా తేవాలి? చింతచెట్టును ఎట్లా తేవాలి? ఊరి నడుమ బొడ్రాయిని పెకిలించి సంచిలో వేసుకోలేం. కొత్త చోట కొత్తది నిలబెట్టుకోవాలి.

మా మేనమామలు ముగ్గురు. పునరావాస కాలనీలో ముగ్గురికీ మూడు చోట్ల జాగలు. పెద్ద దర్వాజ పెద్దమామ కొత్తింటికి పోయింది. రెండు రెక్కల తలుపులో ఒక రెక్క చిన్నమామ తీసుకున్నాడు. మిగిలిన రెక్క తెచ్చి చెల్లెలికి ఇచ్చారు. "ఆడబిడ్డకు పుట్టింటి తలుపు తెరిచుండాలె" అన్నారట. పసుపు కుంకుమలకు తిరిగిపోయే తలుపు అది. అది ఇప్పుడు మా పెరట్లో రేకుల కింద నిలబడి ఉంది.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి, మీలో ఎవరికైనా అక్కరకు రావచ్చు. 1894 నాటి పాత భూసేకరణ చట్టం స్థానంలో 2013లో కొత్త చట్టం చేశారు, 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని రెండో షెడ్యూల్‌లో, నిర్వాసితులైన ప్రతి కుటుంబానికి రవాణా ఖర్చుగా ఒకేసారి యాభై వేల రూపాయలు ఇవ్వాలని ఉంది. దేనికి? కుటుంబాన్ని, ఇంటి కట్టడపు సామగ్రిని, సామాన్లను, పశువులను తరలించుకోవడానికి. చూడండి, దూలాలు, తలుపులు కూడా మనిషి వెంట పోతాయని చట్టమే ఒప్పుకుంది. మిడ్‌మానేరు పనులు ఈ చట్టం రాకముందే మొదలయ్యాయి. కానీ ఇక ముందు ఎక్కడ ఊరు ఖాళీ అయినా ఆ మాట చట్టంలో ఉందని తెలిసి ఉండాలి. ఖర్చు ఇస్తారు, సరే. ఏం తీసుకుపోవాలో, ఏం వదలాలో తేల్చుకునే టైము ఇస్తున్నారా లేదా అన్నది కూడా అడగాలి. పాతిక కిలోమీటర్లకే మాకు పదిహేను రోజులు పట్టింది, అది కూడా ఎవరూ తరమకుండా.

ఇంతకీ మా ఇల్లు ఏమైంది? నేను అమ్మేద్దామన్నాను. ఖాళీ ఇంటికి పన్నులెందుకు, రిపేర్లెందుకు అన్నాను. అమ్మ నాతో వాదన పెట్టుకోలేదు. సామాను అంతా బండికెక్కించాక చూస్తే, ఇసుర్రాయి, ఒక చాప, ఒక బిందె, దేవుని గూట్లో దీపంత లోపలే ఉన్నాయి. మర్చిపోయావు అన్నాను. "మర్సిపోలే. ఇడిసిన" అంది. తాళం వేసి, చెవి ఒకటి పక్కింటి వదినెకు ఇచ్చింది, ఒకటి కొంగున కట్టుకుంది. ఊరిని మునగనిచ్చి వచ్చిన ఇంటి ఆడబిడ్డకు తాళం వేయగలగడం ఎంత పెద్ద సంగతో నాకప్పుడు తట్టింది. అమ్మే మాట నేను మళ్లీ ఎత్తలేదు.

తలుపు రెక్క మాత్రం జగిత్యాల వచ్చింది. అక్కవాళ్ల ఇంట్లో దానికి సరిపడే దర్వాజ లేదు. మేడ మీద గోడకు ఆనించి పెట్టాం. వానకు తడవకుండా ప్లాస్టిక్ పట్టా కప్పాం. ఏం చేయాలో ఇంకా అనుకోలేదు.

ముగించే ముందు మీకొక పని చెప్తాను. ఇల్లు మారుతున్నవాళ్లు, అమ్మానాన్నల ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మనుషులను పెట్టి సర్దించుకోండి, తప్పు లేదు. కానీ దానికి ముందు ఒక రోజు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని, సామాను ఒక్కొక్కటి చూపిస్తూ, ఇది ఎక్కడిది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు అని అడగండి. నోటుబుక్కులో రాయండి, లేదా ఫోన్‌లో రికార్డు చేయండి. గిన్నెల మీద పేర్లు ఫొటో తీయండి. పాత పాస్‌పోర్టులు, మిల్లు కార్డులు, బీడీ కార్డులు, మనీయార్డర్ రసీదులు, క్యాసెట్లు, వీటిని దేన్నీ మూత తీయకుండా తూకానికి వేయకండి. నేను చేసిన పని మీరు చేయకండి.

అమ్మ మాటలు ఈసారి నేను రికార్డు చేశాను. నాలుగు గంటలు వచ్చాయి. బాపు క్యాసెట్లలో ఏం మాట్లాడేవాడో ఆమెకు చాలావరకు గుర్తుంది. కొన్ని చెప్పింది. కొన్ని చెప్పను పో అని నవ్వింది.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. నమస్కారం.